సాంబ్రాణి మీద గంజినీళ్లు

ఇగో, మీర్‌పేట్‌ల ఆడోళ్లు చెప్పుకునేదంత అబద్ధం. ప్రసన్నలక్ష్మి శుక్రవారం పూట దుకాణంల దీపమార్పలే. దీపం దాని జాగల అది మంచిగనే ఎలిగింది. ఆమె ఆర్పింది పొగ. వాటా కోసం బావతోటి కొట్లాడిందన్నది గూడ ఉత్త ముచ్చటే.

దిల్‌సుఖ్‌నగర్ డిపో ఎనుక సందుల చీరలకు గంజి పెట్టి రోలింగ్ చేసే దుకాణముంటది సూడుండ్రి, అది కోదండం, నరేష్‌కుమార్ అన్నదమ్ములది. పోచంపల్లిల మగ్గాలు ఇడిసి పట్నమొచ్చినోళ్లు. ప్రసన్నలక్ష్మి చిన్నోని పెండ్లాం. నరేష్‌కు నలభై దాటినంక ఆయాసం పట్టుకున్నది. ఒక్కప్పుడు చెరువు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఈదిన మనిషి, ఇప్పుడు రెండు చీరలు రోలర్‌కెక్కించే లోపల రొమ్ముల పిల్లికూతలు.

కోదండం నమ్మడు. "ఒక్క తల్లి పాలు తాగినం, ఒక్క కాడ పని చేస్తున్నం, ఒక్క గంజిపొయ్యి పొగ పీలుస్తున్నం. నాకేం కాలే, వీనికే ఎందుకైతది? పనిదొంగ ఎవ్వారం!" అని గిరాకీల ముంగట్నే ఇజ్జత్ తీస్తడు. వైద్యం గూడ ఆయనదే. పసిపోరగాండ్లకు తానం పోసి సాంబ్రాణి ఏస్తరు గద, నెమ్ము పోతదని. గట్లనే తమ్ముణ్ణి ధూపం మీదికి వంచి నెత్తి మీద తువ్వాల కప్పుడు.

ఎల్బీనగర్ డాక్టరమ్మ ముందే చెప్పింది: "ఒకే కడుపున పుట్టినా తల్లిదండ్రుల నుంచి అందరికీ ఒకేలా రాదమ్మా. ఈయన ఊపిరి గొట్టాల తత్వం పుట్టుకతోనే వేరై ఉండొచ్చు. ఇన్నాళ్లూ నిద్రపోయింది, దుమ్మూ పొగా దాన్ని లేపాయి. పంపు పీల్చాలి, పొగ దగ్గరికి వెళ్లకూడదు."

ఆ నోట్ల పెట్టుకొని పీల్చే పంపును "అలవాటైతది" అని కోదండం గల్లాపెట్టెల పెట్టి తాళమేసిండు!

ఆ శుక్రవారం ప్రసన్నలక్ష్మి టిఫిన్ డబ్బా తీస్కొని పోయేసరికి నరేష్ తువ్వాల కింద ఉన్నడు. పెదాలు నల్లగైనయ్. మాట రాదు.

"జర ఓపిక పట్టు, సల్లవడ్తడు," అన్నడు కోదండం.

ఏం ఓపిక! గంజి బకెట్ లేపి ధూపం మీద కుమ్మరించింది. "తాళంచెవి తీ బావా!"

"శుక్రవారం నిప్పార్పుతవా? లక్ష్మి పోతది!"

ఎన్నడు 'మీరు' అనుడే తప్ప ఎరగని ఆడిమనిషి, ఆ పొద్దు కడిగి పారేసింది. "నా మొగని పాణం పోతుంటే నీకు లక్ష్మి యాదికొస్తున్నదా? మామ మగ్గం మీద ఆయాసపడి ఆయాసపడే పోయిండు గద, మర్చిపోయినవా? మామ ముక్కు నీకొచ్చింది, మామ రొమ్ము ఈనకొచ్చింది! నీ ముక్కు అద్దంల చూస్కొని మురువు గని, తాళంచెవి ఇటు పారెయ్!"

చీర ఇచ్చి నిలవడ్డ గిరాకొకామె, "ఇయ్యవయ్యా, ఏం మనిషివి!" అని ఒర్రింది. అప్పుడిచ్చిండు. ప్రసన్నలక్ష్మి మొగనికి పంపు పీల్పిచ్చి, ఆటోల దవాఖానకు ఉరికిచ్చింది. బతికిండు.

కోదండం దవాఖాన మొఖం చూడలే. "మరదలు దీపమార్పింది" అని వాడకట్టంత చాటింపేసిండు. పంపు ఇప్పుడు నరేష్ అంగీ జేబుల ఉంటది. గని ఆమె లేని పూట ఆ పెద్దమనిషి మళ్ల సాంబ్రాణి ఏస్తనే ఉన్నడట. ఏం సిగ్గో ఏమో!

ఆ దుకాణంల చీరలిచ్చేటోళ్లు, ఆమెను తిట్టేది పక్కకు పెట్టుండ్రి. ముందు లోపల పొగ ఉన్నదా చూడుండ్రి. "తమ్మీ, ఊపిరి మంచిగాడుతున్నదా? పంపేది?" అని నరేష్‌ను అడుగుండ్రి. జేబుల నుంచి తీసి చూపెట్టేదాంక అక్కడికెల్లి కదలకుండ్రి.