వేడిని చూసే కన్ను, ట్యాంకు పెదనాన్న

మా పెదనాన్న పొట్టి మనిషి. ట్యాంకులో డ్రైవరు కూర్చునే చోటు ఎంత ఇరుకంటే, పొడుగాటి వాళ్ళు అందులోకి దిగితే మోకాళ్ళు గడ్డానికి తగులుతాయట. ఆయన మాత్రం మూత తీసి జారినట్టు దిగిపోయేవాడు. అందుకని సైన్యంలో తోటివాళ్ళు ఆయనకి ఎలుక అని పేరు పెట్టారు. ఆ పేరు మీద ఆయనకి కోపం లేదు సరికదా, కాస్త మురిపెం కూడా. ఇంట్లో పిల్లలం మాత్రం ట్యాంకు పెదనాన్న అనేవాళ్ళం.

సైన్యం నుంచి బయటికొచ్చాక ఆయన ఇంటిపట్టున ఉండలేకపోయాడు. బస్సు నడుపుదామని వెళ్ళి, నెల తిరక్కుండానే మానేశాడు. "రోడ్డు మీదే పోవాలంటారు. ఎదురుగా గోడుంటే ఆగాలంటారు. ఇది నా వల్ల కాదు," అని పెద్దమ్మతో అన్నాడట. సరిగ్గా అప్పుడే ఒక కబురొచ్చింది. ఊరికి చాలా దూరాన, ముళ్ళపొదలూ రాళ్ళూ తప్ప ఏమీ లేని బయలు మీద ఆయుధాలు పరీక్షించే రేంజి ఉంది. అక్కడ పాత ట్యాంకుల్ని కదిలించగల మనిషి కావాలిట. వెళ్ళాడు, పని దొరికింది. ఏం పనో ఇంట్లో చెప్పకూడదు. ఎవరైనా అడిగితే పెద్దమ్మ, "పాత ఇనుముకి కాపలా కాస్తారు," అనేది. అది మరీ అబద్ధమేం కాదు.

అక్కడ తయారవుతున్నది హెలికాప్టర్ నుంచి ట్యాంకు మీదికి వదిలే క్షిపణి. పెదనాన్న చేరిన కొత్తలో అది తీగ క్షిపణి. ఎగురుతున్నంతసేపూ వెంట్రుకలాంటి తీగని వెనకాల విప్పుకుంటూ పోయేది. హెలికాప్టర్లో గురి చూసే అతను ట్యాంకు మీంచి చూపు మరల్చకూడదు. అతని చేతి కదలికే తీగ వెంట పరిగెత్తి, ఎటు తిరగాలో క్షిపణికి చెప్పాలి. హెలికాప్టర్ వణికితే గురీ వణికేది. పైగా క్షిపణి వెళ్ళి తగిలేదాకా హెలికాప్టర్ గాల్లో అక్కడే నిలబడాలి, కిందవాళ్ళకి చక్కగా కనబడుతూ.

పెదనాన్న పని, చచ్చిన ట్యాంకుల్ని లాక్కెళ్ళి గురికి నిలబెట్టడం, అయ్యాక పొదల్లో చిక్కుకున్న తీగ ఏరి తేవడం. ఆ రోజుల్లో క్షిపణి ట్యాంకుల్ని కొట్టిందానికన్నా పొదల్ని కొట్టిందే ఎక్కువ. సైన్యంలో ఉన్నన్నాళ్ళూ హెలికాప్టర్ చప్పుడు వింటే చాలు, ట్యాంకుని దగ్గర్లోని చెట్ల కిందికి తోలేసేవాడు. "దీనికా నేను అంత భయపడింది," అని తనలో తనే నవ్వుకునేవాడు.

ఆ నవ్వు ఎక్కువ కాలం నిలవలేదు.

కొన్నేళ్ళకి కొత్త క్షిపణి పని మొదలైంది. దీనికి తీగ లేదు. దాని ముక్కులోనే ఒక కన్ను ఉంది. ఆ కన్ను తయారుచేసే జట్టుకి పెద్ద ఒక ఇంజినీరమ్మ. సన్నటి మనిషి, మెల్లగా మాట్లాడుతుంది, మెడలో ఎప్పుడూ రెండు కళ్ళజోళ్ళు వేలాడుతుంటాయి, ఏది పెట్టుకోవాలో ఆవిడకే గుర్తుండదు. ఒకరోజు పొద్దున్నే పెదనాన్న షెడ్డుకి వచ్చింది.

"డ్రైవర్ గారూ, మీ ట్యాంకులు మాకు కనబడటం లేదండీ."

"ఎదురుగానే పెట్టాను కదమ్మా, ఇల్లంతేసి ఉన్నాయి."

"మనకి ఎదురుగానే ఉన్నాయి. మా కన్ను వెలుతుర్ని చూడదు, వేడిని చూస్తుంది. ఇవి చల్లబడిపోయి మట్టిలో కలిసిపోయాయి. నాకు బతికున్న ట్యాంకు కావాలి. ఇంజను తిరగాలి, చక్రాల చుట్టూ గొలుసులు రాసుకోవాలి, లోపల నడిపే మనిషుండాలి."

పెదనాన్న చేతిలోని పానా కింద పెట్టాడు. "మనిషుండగా మిసైల్ వేస్తారా?"

"వెయ్యం. హెలికాప్టర్ పక్కన బోల్టులతో బిగించేస్తాం. అందులో మందుండదు, మోటారుండదు. ఉత్త కన్నే. అది మిమ్మల్ని వెతుకుతుంది, మీరు దాక్కోండి. అంతే పని."

"బోల్టులు ఎవరు బిగిస్తారు?" అని అడిగాడు ఆయన.

ఆవిడ నవ్వింది. "నేనే బిగిస్తాను. సరేనా?"

సరేనన్నాడు. మూలపడి ఉన్న ట్యాంకుల్లో కాస్త నయంగా ఉన్నదాన్ని ఎంచుకుని, మిగతావాటి పేగులు పీకి దీనికి పెట్టి, ఆ చలికాలం మొదట్లో దాన్ని లేపాడు. ఇంజను మొదటిసారి దగ్గి నల్లటి పొగ కక్కిన రోజున క్యాంటీనులో అందరికీ టీ ఇప్పించాడట. ఆయన చెయ్యి అంత తేలిగ్గా జేబులోకి పోయేది కాదు.

ఆట మొదలైంది. ఆయన కింద, కన్ను పైన. హెలికాప్టర్ ఎక్కడో దూరాన గుట్ట వెనకనుంచి తల మాత్రం పైకెత్తి నిలబడేది. అందులోంచి రేడియోలో ఇంజినీరమ్మ గొంతు వినబడేది. మొదట్లో పెదనాన్నదే పైచెయ్యి. ఎండకి కాగిన పెద్ద బండరాయి పక్కగా పోనిస్తే, కన్ను ట్యాంకుని వదిలేసి బండని పట్టుకునేది. బురద గుంటలో పొర్లించి తెచ్చి, తడి ఆరకముందే పొదల్లోకి దూర్చితే అసలు ఆనవాలే దొరికేది కాదు.

"పోయారు. ఎక్కడున్నారు డ్రైవర్ గారూ?"

"చెప్పేస్తే ఇంక ఆటేముందమ్మా?"

ఎప్పుడు పోటీకి దిగాలో కూడా ఆయనకి ఒడుపు తెలిసింది. పొద్దు వాలాక కాసేపు, కన్ను పూర్తిగా తికమక పడేది. ఆ మాట ఆయన చెప్పబోతే ఆవిడే అందుకుంది. "పగలంతా కాగిన నేల చల్లారుతూ, ఇనుమూ చల్లారుతూ, ఆ సమయానికి రెండూ ఒకే వేడికి వస్తాయి. ఆ లెక్క మా దగ్గరుంది. మీరు అప్పుడే బయల్దేరతారేమోనని ఎదురుచూస్తున్నా." ఆవిడకి ఓడిపోవడం అంటే బాధ లేదు. ప్రతి ఓటమి తర్వాతా షెడ్డుకొచ్చి, తిరగేసిన డబ్బా మీద కూర్చుని, ఎటునుంచి ఎటు వెళ్ళారు, ఎందుకు ఆగారు, ఆగాక ఇంజను ఆపారా లేదా అని గుచ్చి గుచ్చి అడిగేది. ఆయనకీ ఎవరూ అంత శ్రద్ధగా తన మాట విన్న జ్ఞాపకం లేదు. పెద్దమ్మ వినేది గానీ, వింటూ వింటూ కూరలు తరిగేది.

తర్వాత జట్టంతా వెళ్ళిపోయింది. వానాకాలం గడిచాక తిరిగొచ్చారు. హెలికాప్టర్ అదే, బోల్టులు అవే. కన్ను మాత్రం వేరు.

"ఇదివరకు ఏది బాగా వెలిగితే దాన్ని పట్టుకునేది," అంది ఇంజినీరమ్మ. "ఇప్పుడు ఆకారం చూస్తుంది. కదలిక చూస్తుంది. చూసింది గుర్తుపెట్టుకుంటుంది."

పెదనాన్న బండరాయి పక్కకి పోనిచ్చాడు. "కనబడుతున్నారు," అంది రేడియో. బురద పూసుకొచ్చాడు. "కనబడుతున్నారు." పొదల్లో దూరాడు, దుమ్ము లేపి దాని చాటున వెనక్కి నడిపాడు. ఆ గొంతులో గర్వం లేదు, ఎకసెక్కం లేదు. గదిలోకొచ్చిన మనిషితో చెప్పినట్టు, అదే మాట.

ఆఖరికి ఆయన తన దగ్గరున్న పెద్ద ఎత్తు తీశాడు. పొద్దు వాలిన ఆ సందు సమయంలో బండరాయి వెనక్కి వెళ్ళి, ఇంజను ఆపేసి, చీకట్లో ఊపిరి బిగబట్టినట్టు కూర్చున్నాడు. రేడియో పలకలేదు. చాలాసేపు పలకలేదు. లోపల ఇనుము చల్లబడుతూ టిక్కుటిక్కుమంటోంది. ఇంక మర్చిపోయుంటుందిలే అనిపించాక, ఇంజను అంటించి రెండో పక్కనుంచి మెల్లగా ముక్కు బయటపెట్టాడు. గొలుసులు బండ దాటనే లేదు.

"కనబడుతున్నారు."

అప్పుడు ఆయన చేతులు మీటల మీదే ఉండిపోయాయట. "భయం కాదురా," అన్నాడు నాతో ఎన్నో ఏళ్ళ తర్వాత. "భయమైతే నాకు తెలుసు, దాంతో కాపురం చేశాను. ఇది వేరు. అది నాకోసం కాచుకుని ఉంది. నేను ఎటునుంచి వస్తానో ముందే అటు చూస్తూ ఉంది. ప్రాణం లేని వస్తువు అలా కాచుకుని కూర్చోగలదని నాకు అప్పటిదాకా తెలీదు."

మర్నాడు ఆవిడ ఆయన్ని రికార్డింగు గదిలోకి తీసుకెళ్ళింది. చిన్న గది, కిటికీలకి నల్లగుడ్డ, మధ్యలో తెర. తెర మీద నేలంతా బూడిదరంగు. అందులో తెల్లగా మెరుస్తూ ట్యాంకు. వెనకభాగం ఇంజను వేడికి మరీ తెల్లగా ఉంది. చక్రాలు గొలుసుతో రాసుకున్న చోటల్లా వెలుగుతున్నాయి. ట్యాంకు నడిచివచ్చిన దారి కూడా, రెండు సన్నటి గీతలుగా, వెనకాల కాసేపు వెలిగి ఆరిపోతోంది. ముందుభాగంలో ఒక చిన్న తెల్లటి చుక్క.

"అదేంటమ్మా, అక్కడేమీ ఉండదే. బల్బు కూడా లేదు."

"అది మీ తల, డ్రైవర్ గారూ. మూత తీసి బయటికి చూస్తున్నారు."

ఆయన కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చున్నాడు. అంత ఇనుమూ, అంత ఇంజనూ, అంత బయలూ, వాటన్నిట్లో తన ప్రాణం ఆవగింజంత వెలుగై, ఊగుతూ పోతోంది. అద్దంలో రోజూ చూసుకునే మొహమేగానీ, తనని తను ఎప్పుడూ అలా చూసుకోలేదు. మళ్ళీ వేయించుకుని చూశాడు. మూడోసారి అడగడానికి మొహమాటపడితే ఆవిడే వేసింది.

అసలు పరీక్ష ఎండలు ముదరకముందు పెట్టారు. అదే ట్యాంకు. నడపడానికి లోపల రిమోటు అమర్చారు. క్షిపణిలో ఈసారి మోటారుంది గానీ పేలుడు మందు బదులు కొలిచే పరికరాలున్నాయి. పెదనాన్నే ఇంజను అంటించి, తన సీటు పైని మూత తన చేత్తోనే వేసి, జీపెక్కి కాంక్రీటు బంకరులోకి వచ్చాడు. ఇంజినీరమ్మ పక్కన నిలబడింది. ఆ రోజు ఆవిడ రెండు కళ్ళజోళ్ళూ ఒకదాని మీద ఒకటి పెట్టుకుంది. ఎవరూ నవ్వలేదు.

దూరాన గుట్ట పక్కన హెలికాప్టర్ కనబడీ కనబడనట్టుంది. దాని పక్కనుంచి ఏదో జారి, ఒక్క క్షణం కింద పడిపోతున్నట్టు అనిపించి, అంటుకుని, పైకి లేచింది. ట్యాంకు వైపు రాలేదు. ఆకాశంలోకి పోయింది. సన్నటి పొగ గీత మాత్రం మిగిలింది. హెలికాప్టర్ అప్పటికే గుట్ట వెనక్కి దిగిపోయింది.

"తప్పిపోయిందా?" అని గుసగుసగా అడిగాడు.

"లేదు. పైనుంచి వస్తుంది."

ట్యాంకు వాళ్ళందరికీ తెలిసిన, ఎవరూ పైకి అనుకోని సంగతి ఒకటుంది. ముందువైపు ఉక్కు జానెడు మందం. నెత్తి మీద మాత్రం పల్చన. ఆయన ట్యాంకులో గడిపిన ఏళ్ళన్నీ ఆ పల్చటి రేకు కిందే గడిపాడు.

బయలు మీద ట్యాంకు నింపాదిగా పోతోంది. ఆకాశంలోంచి గీత గీసినట్టు ఒకటి దిగింది. ట్యాంకు ఉలిక్కిపడ్డట్టు ఊగి ఆగిపోయింది. చప్పుడు ఆ తర్వాత వచ్చింది. బంకరులో కేకలు, చప్పట్లు. ఇంజినీరమ్మ అక్కడే నేల మీద కూలబడి, మోకాళ్ళ మీద తల పెట్టుకుంది. పెదనాన్న ఆవిడకి మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

అనుమతి ఇచ్చాక ఇద్దరూ ట్యాంకు దగ్గరికి నడిచారు. ఆయన పైకెక్కాడు. ఫిరంగి తిరిగే టరెట్ కప్పు మీద, కొలిచి పెట్టినట్టు నడిమధ్యన, అరచెయ్యంత కంత. అంచులు లోపలికి ముడుచుకుపోయి ఇంకా వేడిగా ఉన్నాయి. వంగి చూస్తే లోపల ఫిరంగి పేల్చేవాడి సీటు చీలికలైపోయి కనబడింది. ఆ సీట్లో కూర్చున్నవాళ్ళతో ఆయన ఒకప్పుడు రొట్టె పంచుకుని తిన్నాడు, తిట్లు తిన్నాడు, పాటలు పాడాడు.

"ఎంత చక్కగా వచ్చిందమ్మా," అన్నాడు. మళ్ళీ అన్నాడు, "అంత దూరం నుంచి. ఎంత చక్కగా."

ఆవిడ కింద నిలబడి పైకి చూసింది. "మీరు ఆ సీటు చూసి మాట్లాడుతున్నారు, అవునా?"

"అవును."

"నేనూ చూస్తాను," అని ఆవిడ చెప్పులు విడిచి ఎక్కింది. ఇద్దరూ ఆ కంతలోకి చూస్తూ చాలాసేపు కూర్చున్నారు. తక్కినవాళ్ళు ఫొటోలు తీసుకోవడానికి కింద ఎదురుచూశారు.

అది జరిగిన కొన్నాళ్ళకే ఆవిడ పై అధికారులతో మాట్లాడి, సైన్యం నుంచి ట్యాంకు డ్రైవర్లని జట్లుజట్లుగా రేంజికి పిలిపించే ఏర్పాటు చేయించింది. వాళ్ళకి పాఠం చెప్పేది పెదనాన్న. నల్లగుడ్డ గదిలో కూర్చోబెట్టి, "ఇదిగో, పైనుంచి మీరిలా ఉంటారు," అని చూపించేవాడు. నవ్వుతూ వచ్చినవాళ్ళు నెత్తి తడుముకుంటూ బయటికి పోయేవాళ్ళు. తర్వాత బయలు మీదికి తీసుకెళ్ళి దాక్కోవడం నేర్పేవాడు. కన్ను ఏటేటా తేరుతూ వచ్చింది, ఈయనా కొత్త కొత్త ఎత్తులు వెతుకుతూ వచ్చాడు. ఉద్యోగంలో మిగిలిన కాలమంతా అదే పని.

పదవీ విరమణకి ముందు ఏం కావాలో అడగమంటే, ఒక్కసారి పైనుంచి చూస్తానన్నాడు. ఆవిడ హెలికాప్టర్లో తన సీటు ఇచ్చింది. కాళ్ళు అందక కింద ఒక పెట్టె వేయాల్సొచ్చింది. కింద ఆయన శిష్యుడొకడు ట్యాంకుతో ఎక్కడో నక్కి ఉన్నాడు.

ఆ ట్యాంకుని వెతకడం పెదనాన్న మర్చిపోయాడట. ఇన్నేళ్ళూ రాళ్ళూ ముళ్ళూ అనుకున్న ఆ బయలు సీటు ముందున్న తెర మీద వేరేగా ఉంది. రాళ్ళు పగటి వేడిని పొదివి పట్టుకుని మిణుకుమిణుకుమంటున్నాయి. ఎండిపోయిందనుకున్న వాగు కింద తడి, నల్లటి గీతలా మెలికలు తిరుగుతోంది. పొదల్లో గూళ్ళు వెలుగుతున్నాయి. నేలంతా చిన్నచిన్న తెల్లటి గింజలు ఆగుతూ, గెంతుతూ, మళ్ళీ ఆగుతూ.

"అవేంటమ్మా?" అని అడిగాడు.

వెనకనుంచి ఇంజినీరమ్మ, "కుందేళ్ళు," అంది.

ఈ కథంతా ఆయన మాకు చెప్పింది, ఆ క్షిపణి బొమ్మలతో సహా పేపర్లలో వచ్చేసి, దాచడానికేం మిగలని రోజుల్లో. క్షిపణి గురించి అడిగితే చేతుల్తో గాల్లో గీసి చూపించేవాడు, ఎలా లేచింది, ఎలా దిగింది అని. కుందేళ్ళ దగ్గరికి వచ్చేసరికి మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకునేవాడు. "ఎన్ని ఉన్నాయనుకున్నావు! అక్కడే అన్నేళ్ళు ట్యాంకు తిప్పాను. నాకు ఒక్కటంటే ఒక్కటి కనబళ్ళేదు," అనేవాడు.