జపాను ఆటలో మైపాడు వల

ఈ ఉదయం అక్క కూతురు ఫోనుకు ఒక బొమ్మ పంపింది. తను పనిచేస్తున్న వీడియో గేములో మొదటి తెర అది. పాతకాలపు జపాను, సముద్రపు ఒడ్డు, అక్కడ ఇద్దరు ఉన్నారు. ఒకడు కత్తి పట్టిన సమురాయ్ యోధుడు, రెండోది పడవలో నడుం వంచి తడి వల లాగుతున్న జాలరి ఆడమనిషి. ఆడేవాళ్లు ఇద్దరిలో ఎవరినైనా ఎంచుకోవచ్చట. కాఫీ చల్లారిపోతున్నా నేను ఆ రెండో మనిషి నడుం వంపునే చూస్తూ కూర్చున్నాను. ఆ వంపు నాకు తెలుసు.

రెండేళ్ల కిందట వేసవిలో, సముద్రం ఒడ్డున ఉన్న మైపాడులో మా పెద్దమ్మ ఇంట్లో నాలుగు రోజులు ఉందామని నేనూ అక్క కూతురూ వెళ్లాం. తను సెలవు మీద వచ్చినా, ఆఫీసు లాప్‌టాప్‌లో కూర్చుని వెంటే వచ్చింది. మూడో రోజు పొద్దున హైదరాబాదు నుంచి పైఅధికారి కబురు. ఆ కాలంలో ఆడవాళ్లు పడవెక్కి చేపల వేటకు పోయారనడానికి ఆధారం ఏది? పోయుంటే ఎక్కడా ఎందుకు రాయలేదు? సాయంత్రం నాలుగింటి మీటింగులో జవాబు చెప్పకపోతే ఆమెను తీసేసి ఇంకో సమురాయ్‌ను పెడతారట. ఏడాదిగా ఆ బొమ్మను గీస్తున్న పిల్ల ఆ రోజు అన్నం ముట్టలేదు. జపాను ఆడవాళ్లు సముద్రంలో మునిగి ఆల్చిప్పలు తెచ్చేవాళ్లని దొరికింది గాని, పడవెక్కి వల లాగినట్టు ఒక్క ముక్కా దొరకలేదు. మూడు కొట్టినా ఇంకా వెతుకుతూనే ఉంది.

పెద్దనాన్న వాలుకుర్చీలోంచే తీర్పు చెప్పేశాడు. "ఆడది తెప్పెక్కేదేంది పాపా? వేటకు పొయ్యే తెప్పను మా ఆడోళ్లు కాలితో తాకను గూడా తాకరు. జపానోళ్లు మాత్రం మనుషులు కాదా?" ఆ ఇంట్లో ఆయన మాటకు ఎదురుండదు. ఎప్పుడో నలభై ఏళ్ల కిందటి తుఫానులోంచి తెప్పను ఒడ్డుకు చేర్చినవాడని ఊళ్లో పేరు. ఏటా కృతజ్ఞతల ఆదివారం నాడు పాస్టరు గారు చర్చి పుస్తకంలోంచి ఆ తుఫానులో బతికి వచ్చినవాళ్ల పేర్లు చదువుతారు. తన పేరు రాగానే పెద్దనాన్న తల వంచుకునేవాడు. అది వినయమని చిన్నప్పటినుంచీ అనుకునేదాన్ని.

పెద్దమ్మ రొయ్యపొట్టు చెరుగుతూ లాప్‌టాప్ తెర మీద వల లాగుతున్న బొమ్మ వైపు చూసింది. "అట్టా లాగితే వస్తాదా మే? తడి వలంటే బండ. నడుం ఇట్టా వంగాల, కాళ్లు తెప్పకు తన్నిపెట్టాల," అని చేట పక్కన పెట్టి, లేచి వంగి చూపించింది. చూపించి ఠక్కున ఆగిపోయింది.

ఒడ్డు మీదే వల లాగే ఆడవాళ్లకు తన్నిపెట్టడానికి తెప్ప ఎక్కడిది? "అమ్మమ్మా, నీకెట్టా తెలుసు?" అంది అక్క కూతురు.

పెద్దమ్మ మొగుడి వైపు ఒకసారి చూసి, మళ్లీ చేట అందుకుని, నేల చూపులు చూస్తూ చెప్పింది. "ఆయన జొరంతో పడిపోయినాడు. ఇంట్లో గింజ లేదు. మరిది ఒక్కడే తెప్ప దించలేడు. ఆయన చొక్కా తొడుక్కొని, తలకు తువ్వాలు చుట్టుకొని పోయినా." ఆ తుఫాను వచ్చింది ఆ రోజే. ఆమె తిరిగి రావడం ఒడ్డున అందరూ చూశారు. ఆడది ఎక్కిందని బయటపడితే ఆ తెప్పకు మళ్లీ తోడు ఎవరూ రారు, ఆ ఇంటి బతుకు పోతుంది గనక, ఊరంతా నోరు మూసుకుంది. పుస్తకంలో పెద్దనాన్న పేరు ఎక్కింది.

ఆయన మీద నాకు ఒళ్లు మండిపోయింది. అక్క కూతురు మాత్రం నెమ్మదిగా ఆయన్నే అడిగింది. "ఎందుకు రాయలేదని గదా వాళ్లు అడుగుతుండేది. నాకు దొరికిన జవాబు ఇదొక్కటే. చెప్పొచ్చా తాతా?" నాలుగుకు ఇంకా అయిదు నిమిషాలుంది. మైపాడు సాక్ష్యం జపానుకు చెల్లుతుందా అని నవ్వుకునే ఓపిక కూడా నాకు లేదు. పెద్దనాన్న కుర్చీ చేతులు బిగించి పట్టుకుని సముద్రం వైపే చూస్తున్నాడు. ఆయన కాదంటే ఆ ఇంట్లో అది జరగనట్టే.

లాప్‌టాప్ మోగింది. తెర మీద ముఖాలు వచ్చాయి. అక్క కూతురు నోరు తెరిచేలోగా పెద్దనాన్న లేచి వచ్చి పిల్ల పక్కన నిలబడ్డాడు.

"అయ్యా, చర్చి పుస్తకంలో వుండేది నా పేరు," అన్నాడు తెరతో. "తెప్పలో వుండింది మా ఆడమనిషి. నేను మంచాన వుండినా."

పెద్దమ్మ చేతిలో చేట ఆగిపోయింది.

ఆటలో జాలరి మనిషి నిలిచింది, పెద్దమ్మ వంగి చూపించిన నడుం వంపుతోనే. చర్చి పుస్తకంలో మాత్రం పెద్దనాన్న పేరు ఇంకా అలాగే ఉంది. దిద్దమని పెద్దమ్మ అడగలేదు. తుఫానులోంచి ఆమెను ఒడ్డుకు చేర్చడానికి కాలానికి నలభై ఏళ్లు పట్టింది, అదీ వేరే దేశపు ఒడ్డుకు.