కడిగిన విత్తనాలు

వాన పడి వెలిసింది. అలెగో సీమ నేల తడిసి, ఎర్రగా ఉబ్బి, గింజ కోసం నోరు తెరుచుకుని ఉంది. అవతలి గట్టు వాళ్ళు అప్పుడే మొక్కజొన్న విత్తడం మొదలుపెట్టారు. ఆడవాళ్ళు వరసగా వంగి గుంటలు తీస్తూ ఒకరినొకరు ఆటపట్టించుకుంటుంటే ఆ నవ్వులు కంచె దాటి వినబడుతున్నాయి. అపొండి మాత్రం పొద్దున్నుంచి కాలు కాలిన పిల్లిలా ఇంట్లోకీ వాకిట్లోకీ తిరుగుతోంది.

మంచం కింద కొత్త విత్తనాల సంచి ఉంది. దాని పక్కన ఎరువు ఉంది. అద్దె ఎద్దులతో దున్నించిన పొలం దుక్కి ఆరకుండా సిద్ధంగా ఉంది. పెళ్ళై ఈ ఇంటికి వచ్చాక వాన కంటే ముందు వీళ్ళు సిద్ధమైన ఏడు ఇదొక్కటే. అయినా ఒక్క గింజ కూడా నేలలో పడలేదు. అత్త దోర్సిలా ఇంకా తన గుడిసె గడప దిగలేదు.

ఆ వాకిట్లో మొదటి గింజ ఆవిడే వేయాలి. ఆవిడ చేయి మట్టిని తాకాకే కొడుకు పొలంలోకి విత్తనం వెళ్ళాలి. తొందరపడి ముందే విత్తిన కోడళ్ళ పిల్లలు ఉన్నట్టుండి చిక్కిపోతారు, ఏ మందుకూ లొంగరు. ఆ జబ్బును చిరా అంటారు. అపొండి ఎనిమిదో తరగతి దాకా చదివింది, ఆ పైన ఫీజు కట్టేవాళ్ళు లేక ఆగిపోయింది. చిరా ఉందని గానీ లేదని గానీ బడిలో ఎవరూ చెప్పలేదు. ఆమె చిన్న కూతురు అవూర్ మామూలుగానే పుల్లలా ఉంటుంది. నిజమో కాదో తేల్చుకుందామని ఆ పిల్లను పందెం పెట్టడం కుదరదు కదా.

ఈ చిక్కంతా డబ్బుతో వచ్చింది.

కిందటి కోత అయిపోయాక ఒక అమ్మాయి ఊళ్ళోకి వచ్చి గడ్డికప్పు ఇళ్ళన్నీ తిరిగి పేర్లు రాసుకుంది. డబ్బు మీ ఫోనులోకే వస్తుంది, తిరిగి ఇవ్వనక్కరలేదు, దేనికి వాడతారో మీ ఇష్టం అని చెప్పింది. నలుగురిలో నోరు విప్పని అపొండి ఆ రోజు ధైర్యం చేసి, మాకెందుకు ఇస్తున్నారని అడిగింది. మీకేం కావాలో మాకంటే మీకే బాగా తెలుసు కాబట్టి అంది ఆ అమ్మాయి. అపొండికి అది జవాబులా అనిపించలేదు. ఊరికే వచ్చింది ఏదో ఒక రోజు తన ఖరీదు అడక్కుండా పోతుందా?

ఊళ్ళో వాళ్ళకైతే ఆ ఖరీదేమిటో అప్పుడే తెలిసిపోయింది. అది సాతాను సొమ్మనీ, తీసుకున్నవాళ్ళ ఇంటికి పాము వచ్చి ఒక బిడ్డను అడుగుతుందనీ చర్చి మెట్ల మీద చెప్పుకున్నారు. దోర్సిలా ఆ మాటలు విని వచ్చింది. పేర్లు రాసే అమ్మాయి తలుపు తట్టినప్పుడు లోపల గడియ పెట్టుకుని, "ఇంట్లో ఎవరూ లేరు" అని గట్టిగా అరిచింది. ఆ అమ్మాయి కాసేపు నిలబడి, మర్యాదగా సెలవు తీసుకుని వెళ్ళిపోయింది.

డబ్బు వచ్చిన రోజు నుంచీ దోర్సిలా కోడలి వంట ముట్టలేదు. అంతకు ముందు రోజూ సాయంత్రం అవూర్ పళ్ళెం పట్టుకెళ్ళేది. మొక్కజొన్న ముద్ద, కాసిన్ని ఎండు చేపలు, ఆకుకూర. ఇప్పుడు పళ్ళెం వెళ్ళింది వెళ్ళినట్టే తిరిగి వస్తోంది. తిన్నానని చెప్పమంది నాన్నమ్మ, అంటుంది పిల్ల. విత్తనాల సంగతి కొడుకు అడిగితే, నేల ఇంకా నాతో ఏమీ అనలేదురా అంటుంది.

ఆ కొడుకు, అపొండి మొగుడు ఒబీరో, ఇంటి నీడన కూర్చుని పార పిడిని గాజుపెంకుతో గీకుతున్నాడు. నిన్న కూడా అదే గీకాడు. ఏటా ఈ రోజుల్లో అతను ఇంట్లో ఉండడు. పిండి కోసం ఊరవతల ఎవరి పొలమో తవ్వుతుంటాడు. వాళ్ళ పని అయ్యేసరికి తమ అదను పోతుంది. ఆలస్యంగా విత్తుతారు, ఆలస్యంగా కలుపు తీస్తారు, అప్పటికి ఊదాపూల కలుపు వేళ్ళలోకి దిగి పైరు రసమంతా పీల్చేస్తుంది. సగం గాదె నిండుతుంది. ఆ సగం అయిపోగానే మళ్ళీ ఎవరి పొలమో. ఈ ఏడు ఫోనులో ఉన్న డబ్బుతో పిండి కొన్నారు గనక అతను ఎక్కడికీ పోలేదు. పరాయి పని లేని రోజున తన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియడం లేదు.

పక్క వాకిలి రిస్పా నీళ్ళకు వెళ్తూ కంచె దగ్గర ఆగింది. అపొండిని ఆమె పుట్టింటి ఊరి పేరుతోనే పిలుస్తుంది.

"ఏమే సక్వా పిల్లా, ఇంకా గుడ్లు పొదుగుతున్నావా ఆ సంచి మీద? మొలకలకి కొమ్ములొస్తాయంట, నిజమేనా?"

"వస్తే నీకూ రెండు ఇస్తాలే అక్కా," అంది అపొండి నేల చూస్తూ.

రిస్పా నవ్వి, బావి దగ్గర దోర్సిలా అన్న మాట చెప్పి మరీ పోయింది. ఆ గులాబీ రంగు గింజని నా చేత్తో ముట్టను, అలాంటి రంగు దేవుడు గింజకి పెట్టలేదు, అందట.

ఆ మాట పట్టుకుని అపొండి లోపలికి వెళ్ళి సంచి విప్పింది. గింజలన్నీ గులాబీ రంగులో ఉన్నాయి. పట్టుకుంటే వేళ్ళకు అంటుకుంది. అంటుకునేది కడిగితే పోదా? తెల్లగా ఉంటే అవి ఎవరి గింజలో ఎవరికి తెలుసు? అత్తకిచ్చే గుప్పెడు ఒక్కటే కడిగితే లాభం లేదు. తర్వాత తమ పొలంలో రంగు గింజ కనబడితే ఆవిడ మధ్యలోనే ఆపేస్తుంది. ఒబీరో ఎద్దుల వాడితో మాట్లాడి వస్తానని వెళ్ళగానే ఆమె గింజలన్నీ పెద్ద బేసిన్‌లో పోసి, బూడిద వేసి, ఇంటి వెనక కూర్చుని కడిగింది. రంగు నీళ్ళు మందారం పిండినట్టు దిగాయి. అవి కంచె మొదట్లో పారబోసింది. మళ్ళీ నీళ్ళు పోసి మళ్ళీ కడిగింది. సంచి మీద పుర్రె బొమ్మ, తినరాదు అన్న అక్షరాలు ఉన్నాయి. చదివింది. గింజల్ని ఎవరూ తినబోవడం లేదు కదా అనుకుంది. చేతులు మాత్రం సబ్బుతో తోముకుంది.

గింజలు తెల్లబడ్డాయి. వాటిని గోనె మీద పరిచి చేత్తో అటూ ఇటూ కదుపుతుంటే అవి కాస్త మెత్తగా, లావుగా తగిలాయి. తడిసిన గింజ ఎవరి కోసమూ ఆగదు. రేపటికి పగులుతుంది, ఎల్లుండికి కుళ్ళుతుంది. ఇన్నాళ్ళూ అత్త మనసు మారేదాకా కాచుకుని కూర్చునే వీలైనా ఉండేది. ఆ వీలు కూడా తన చేతులతో తనే కడిగేసుకుంది.

ఒక బుట్టెడు గింజలు పైట కింద పెట్టుకుని అత్త గుడిసె వైపు నడిచింది. ఏమని చెప్పాలో దారిలో అనుకుంటూనే ఉంది. చెప్పవలసిన అవసరం రాలేదు.

దోర్సిలా వాకిట్లో మూడు రాళ్ళ మీద నీళ్ళు మరుగుతున్నాయి. ఆవిడ ఒళ్ళో గొంతు కోసిన కోడి ఉంది. గోధుమ రంగు పెట్ట. అవూర్ పక్కనే గొంతుక్కూర్చుని రాలే ఈకలు ఏరుకుంటోంది. పెట్ట కంచె దగ్గర్నుంచి తూలుతూ వచ్చి పడిపోయిందనీ, ప్రాణం పోకముందే కోసేశాననీ ఆవిడ తలెత్తకుండా చెప్పింది.

కంచె దగ్గర్నుంచి. రంగు నీళ్ళతో పాటు జారిపోయిన గింజలు అపొండి కళ్ళ ముందు మెదిలాయి.

ఇంకో సంగతి కూడా ఆమెకు తట్టింది. అత్త తరం ఆడవాళ్ళు కోడి మాంసం నోట పెట్టరు. అది మగవాళ్ళ తిండి. ఈ రోజుల కోడళ్ళు తింటే దోర్సిలా మొహం తిప్పుకుంటుంది. అలాంటి మనిషి కొడుకును పిలవకుండా, పొయ్యి మీద నీళ్ళు పెట్టుకుని, ఆత్రంగా ఈకలు పీకుతోంది. తెరిచిన తలుపులోంచి మూలన విత్తనాల కుండ కనిపించింది. బోర్లించి ఉంది.

"అత్తా, అది తినకండి."

"నీ కోడా?"

"మీదే. దాంట్లో విషం ఉంది."

దోర్సిలా చేతులు ఆగాయి. అపొండి కూతుర్ని రెక్క పట్టుకుని లేపి, ఈకలు విదిలించి, తన వెనక నిలబెట్టుకుంది. ఆ తర్వాత ఉన్నదున్నట్టు చెప్పింది. ఆ రంగు పురుగు పట్టకుండా పట్టించిన మందనీ, తను కడిగి ఆ నీళ్ళు కంచె దగ్గర పోశాననీ, కోడి అక్కడే మేసిందనీ.

"ఎందుకు కడిగావు?"

"మీరు గుర్తుపట్టకూడదని."

ముసలావిడ కోడిని చూసింది, తర్వాత కోడల్ని చూసింది.

"అయితే ఇది సాతాను పని కాదు. వాడైతే కాస్త తెలివిగా చేసేవాడు."

అపొండి తల దించుకుంది. కానీ ఆమె కళ్ళు మళ్ళీ ఆ కుండ మీదికే పోయాయి. దోర్సిలా అది చూసింది.

"చూశావుగా. నీ కూడు వద్దన్నాక ఏం తిన్నాననుకున్నావు, గాలా? ఉన్న విత్తనాలు ఉడకేసుకున్నా. ఇప్పుడు నేలలో ఏం వెయ్యను, నా గోళ్ళా?"

మా దగ్గరున్నవి తీసుకోండి అనబోయి అపొండి ఆగిపోయింది. ఆవిడ ఏమంటుందో ఇప్పుడు గుర్తొచ్చింది, కంగారులో కడిగేటప్పుడు తట్టలేదు. అరువు గింజతో మొదటి గుంట తీయకూడదు, దానమిచ్చిన గింజతో అసలే తీయకూడదు. ఇంటి పెద్ద వేసేది తన సొంత గింజ అయి ఉండాలి. పైట కింద బుట్ట తడిగా, బరువుగా పొట్టకు తగులుతోంది. మాట కోసం వెతుక్కుంది. అలవాటు లేని పని.

"కోడి మీదే కదా అత్తా."

"నాదే."

"చంపింది నేనే కదా."

"నువ్వే. ఇంకెవరు."

"అయితే మీ కోడికి బదులు నేను ఇచ్చుకోవాలి." పైట తీసి బుట్ట కింద పెట్టింది.

పొయ్యి మీద నీళ్ళు పొంగి మంట చిటపటలాడింది. దోర్సిలా బుట్టలోకి వంగి చూసింది. ఒక గింజ తీసి గోటితో నొక్కింది, వాసన చూసింది. ఆవిడ మొహంలో ఏముందో అపొండికి అంతు చిక్కలేదు.

"గుడ్లు పెట్టే పెట్ట అది," అంది చివరికి. "ఒక బుట్టతో సరిపెడతావా?"

"రెండు."

"రెండు, ఇంకా ఒక పెట్టపిల్ల. సంతలో నేనే ఏరుకుంటా. నీకు కోళ్ళ సంగతి తెలియదు."

ఒబీరో తిరిగి వచ్చేసరికి అతని తల్లి గుడిసె వెనక చిన్న మడిలో ఉంది. ఒట్టి కాళ్ళతో నిలబడి, పారతో గుంట తీసి, గింజలు జారవిడిచి, కాలితో మట్టి కప్పుతోంది. అతను గీకి గీకి నున్నగా చేసిన పార ఎత్తుకుని పొలంలోకి నడిచాడు. అత్త మనసు మారడానికి ముందే పని మొదలుపెట్టాలన్నట్టు అపొండి అతని వెనక పరుగు తీసింది. కోడిని ఎవరూ తవ్వలేనంత లోతున పాతిపెట్టి, కంచె మొదట్లో మట్టి కూడా తవ్వి అదే గుంటలో వేశాక, దోర్సిలా కూడా వచ్చి వాళ్ళ వరసలో వంగింది. పొద్దు గూకే వేళకి గోనె మీద గింజ మిగల్లేదు.

మందు పోయిన గింజల్లో కొన్నిటిని పురుగు తినేసింది. వరసల్లో అక్కడక్కడ సందులు పడ్డాయి. ఆ సందుల్లో చిక్కుళ్ళు పెట్టారు. ఊదాపూల కలుపు ఆ ఏడూ వచ్చింది గానీ, పూత రాకముందే పీకడానికి ఒబీరో ఇంట్లో ఉన్నాడు. కొమ్ములొచ్చాయా అని రిస్పా రెండు మూడుసార్లు అడిగింది. కంకులు వేశాక మానేసింది.

సాయంత్రం పళ్ళెం ఇప్పుడు ఖాళీగా తిరిగి వస్తుంది. దాంతో పాటు ఉప్పు తక్కువైందనో, చేపలు మాడాయనో ఒక మాట కూడా వస్తుంది. అపొండి ఆ మాట కోసమే వాకిట్లో నిలబడుతుంది.

ఆమెకు మాత్రం నిమ్మళం లేదు. తెలియని నంబరు నుంచి ఫోను మోగితే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. వచ్చారు, ఖరీదు అడగడానికి వచ్చారు అనుకుంటుంది. ఎవరో తప్పు నంబరు అంటారు. ఆ పూటంతా ఆమె కంచె దాకా వెళ్ళి దారి చూసి వస్తుంటుంది. ఒకనాడు అలాగే నిలబడి ఉంటే, కొత్త పెట్టపిల్లకు నూకలు వేస్తున్న దోర్సిలా వెనక నుంచి పిలిచింది.

"ఎవరికోసమే ఆ చూపు? ఆ పేర్లు రాసే పిల్ల కోసమా?"

కాదంది అపొండి.

"వస్తే చెప్పు," అంది ముసలావిడ, కోడి వైపే చూస్తూ. "ఈ ఇంట్లో మనిషి ఉందని చెప్పు."