గణపవరం వాళ్ళు కారు వద్దన్న రోజు

తాడేపల్లిగూడెంలో హైస్కూలు పిల్లలకు ఇరవై రెండేళ్ళుగా ఫిజిక్స్ చెబుతున్నాను. స్కూలు వెనక దెయ్యం తిరుగుతోందని పిల్లలు భయపడితే, వాళ్ళను వెంటబెట్టుకెళ్ళి అక్కడేమీ లేదని చూపించినదాన్ని. ఇప్పుడు రాసేది నమ్మమని ఎవరినీ అడగను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మా ఆయనకు మార్కెట్లో కిరాణా కొట్టు ఉండేది. పాత కందిపప్పును పాతదని చెప్పి మరీ అమ్మే మనిషి. అలా అమ్మీ అమ్మీ చివరికి కొట్టు మూసేశారు. మాకు మిగిలింది పద్నాలుగేళ్ళ నాటి కారొకటి.

ఆ కారులో కొల్లేటి పక్క ఊళ్ళో పెళ్ళికి వెళ్ళాం. భోజనాలవుతుండగానే వాన ముంచుకొచ్చి, కాలవ పొంగి, కారు స్టీరింగ్ దాకా మునిగిపోయింది. బాగు చేయించినా బ్రేకు ఒక్కోసారి పట్టేది, ఒక్కోసారి పట్టేది కాదు. కొత్త సీటు కవర్లు, మ్యాట్లు వేయించి, మునిగిన సంగతి ఎత్తకుండా అమ్మేయమని మెకానిక్ సలహా ఇచ్చాడు. నేను సరేనన్నాను. మా ఆయన ఒప్పుకోలేదు. ఎవరి పిల్లలో ఎక్కే బండి, తుక్కుకిచ్చేద్దాం అన్నారు.

అప్పుడు నేనన్న మాట ఇది: "మీ నిజాయితీ వల్లే కదండీ కొట్టు మూతపడింది. ఇక నా జీతం మీద కూడా చేస్తారా నిజాయితీ?"

ఆ పూట నుంచి ఆయన నాతో మాట్లాడనే లేదు. అన్నం వడ్డిస్తే తినేవారు. మంచినీళ్ళు మాత్రం తనే లేచి తెచ్చుకునేవారు. నేనూ పంతానికి పోయాను. నెలా పది రోజులకు, నేను స్కూల్లో ఉండగా, గుండెపోటుతో పోయారు.

సంవత్సరీకాలు అయ్యాక కారు బేరం పెట్టాను. గణపవరం నుంచి చేపల మేత అమ్ముకునే భార్యాభర్తలు చూడ్డానికి వచ్చారు. ఆదివారం, పదకొండు గంటల ఎండ. కారు గేటు లోపలే ఉంది. తాళం తీసిచ్చి, కాగితాల కోసం ఇంట్లోకి వెళ్ళాను. ఐదు నిమిషాలు పట్టిందేమో. తిరిగొచ్చేసరికి వాళ్ళిద్దరూ కారుకు దూరంగా నిలబడి ఉన్నారు.

"మాకొద్దులెండి" అన్నాడాయన మెల్లగా. "నీళ్ళలో మునిగిన బండి అని ముందే చెబితే ఇంత దూరం వచ్చేవాళ్ళం కాదు కదండీ."

ఎవరు చెప్పారని అడిగాను. ముందు సీట్లో కూర్చున్న పెద్దాయన చెప్పారన్నాడు. సీటు ఖాళీగా ఉంది. గేటు గడియ వేసినట్టే ఉంది. అతని భార్య వెనక మ్యాట్ ఎత్తి చూపించింది. అడుగు రేకు తుప్పు పట్టి అరచేయంత మేర ఊడిపోయింది. కింద నేల కనబడుతోంది. ఆ సంగతి నాకే తెలియదు. ఎత్తి చూడమన్నది కూడా ఆ పెద్దాయనేనట.

ఎలా ఉన్నారన్నాను. సన్నగా ఉన్నారు, మాట్లాడినంతసేపూ కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుస్తూనే ఉన్నారంది. కొట్లో బేరం వచ్చినప్పుడల్లా మా ఆయన చేసే పని అదే.

వెళ్ళబోతూ ఆవిడ నావైపు జాలిగా చూసింది.

"మిమ్మల్ని పిలవమంటారా అని అడిగామండీ. వద్దమ్మా, ఆవిడకీ నాకూ మాటల్లేవు అన్నారు."

పక్కింటావిడ ఆ వేళ డాబా మీద వడియాలు పెడుతోంది. తర్వాత అడిగాను. వాళ్ళిద్దరూ కారులోకి వంగి మాట్లాడడం చూసిందట, లోపల మాత్రం ఎవరూ కనబడలేదట. మెకానిక్ తానెవరికీ చెప్పలేదని ఒట్టేశాడు. చెప్పాడనే అనుకుందాం. మా ఇద్దరికీ మాటల్లేవన్నది అతనికేం తెలుసు? ఆ నలభై రోజులూ మేం గడప దాటనివ్వని సంగతి అది.

కారు తుక్కుకిచ్చేశాను. తణుకు నుంచి వచ్చి లాక్కుపోయారు.

రెండేళ్ళయింది. నాకు తెలిసిన సైన్సుతో ఎన్ని విధాల ఆలోచించినా తేలలేదు. ముక్కూ మొహం తెలియని వాళ్ళ పిల్లల కోసం ఎండలో వచ్చి కూర్చున్న మనిషి, ఐదు నిమిషాలు ఆగితే నేను వచ్చేదాన్నే. ఆగలేదు.