ఇసుర్రాయి పక్కన నేర్చిన కీర్తన

నా చిన్నప్పుడు నానక్‌రామ్‌గూడలో ఈ అద్దాల మేడలు లేవు, ఎటు చూసినా బండలే. ఒకనాడు వాటిని పేలుస్తుంటే చూడాలని మరీ దగ్గరికి వెళ్లాను. ఆ రోజు నా ఎడమ చెవిలో దూరిన కీచురాయి మోత మళ్లీ బయటికి రాలేదు. మా చర్చి సంఘమంతా నా తలమీద చేతులుంచి ప్రార్థించింది. మోత పోలేదు. ఆ రోజుల్లోనే పక్కింటి అక్కకు జ్వరం వస్తే, ఒక్క ప్రార్థనకే దిగిపోయింది. దేవుడు నా మొర వినలేదన్న బాధ కంటే, ఆమెది ముందు విన్నాడన్న కడుపుమంటే నాకు ఎక్కువ.

ఇంతలో కోతపండుగ వచ్చింది. ఆనాడు మా చర్చిలో కొత్త ధాన్యం, గుమ్మడికాయలు, కోళ్లు తెచ్చి అర్పిస్తారు. పిల్లలు బైబిల్లోని కీర్తనలు చూడకుండా చెబుతారు. నాకొకటి, అక్కకొకటి ఇచ్చారు. నాకు రాకపోతే నాదీ అక్కే చెబుతుందని మా పాస్టరు అయ్యగారు అన్నారు.

అక్క బర్రెలకు కుడితి పెడుతూనే తనది నేర్చేసుకుంది. “ఏందే, ఇంకా మొదటి మాట కాడనే ఉన్నవా? ఫికర్ చెయ్యకు, నీది గూడ నేనే చెప్త,” అని నవ్వింది. ఆ నవ్వు కంటే ఆమె చెవుల్లోని నిశ్శబ్దమే నన్ను ఎక్కువ కాల్చింది.

నాకూ అలాంటి నిశ్శబ్దం కావాలని, ప్రార్థన నూనెలో ముంచిన దూది చెవుల్లో కుక్కుకుని బండల చాటున కూర్చున్నాను. బయటి సద్దు ఆగేసరికి లోపలి మోత రెట్టింపయింది. ఏడుస్తున్న నన్ను అయ్యగారి తల్లి చూసింది. ఆమెను మేమంతా అవ్వ అని పిలిచేవాళ్లం. ఆమె మోకాళ్లూనితే ఎంతసేపైనా కదిలేది కాదు. ఆ ప్రార్థన మీద కూడా నాకు కుళ్లే. అవ్వ దూది తీసి పారేసి, నన్ను వాళ్లింటికి తీసుకుపోయి, జొన్నలు విసిరే ఇసుర్రాయి ముందు కూర్చోబెట్టింది.

“నాకు గూడ మోగుతది బిడ్డా. శానా ఏండ్లాయె,” అంది. నేను నమ్మలేదు. “దాన్ని ఎల్లగొడ్దమని కొట్లాడితే ఇంకింత అరుస్తది. మోగనీ. నువ్వు యాడ ఇడిసినవో ఆ మాట కాడికి మళ్ల రా.”

రాయి తిరుగుతుంటే, దాని గరగరలో మోత కొంత కలిసిపోయింది. ఒక తిప్పుకు ఒక మాట. మనసు మోత వెంట పోయినప్పుడల్లా అవ్వ పిడిమీది నా చేతిని తట్టేది. నేను విడిచిన మాట దగ్గరికి వచ్చేదాన్ని. చివరికి రాయి ఆపి చెప్పించింది. మోత అలాగే ఉంది. కీర్తన కూడా ఉంది.

పండుగనాడు సగంలో ఆగిపోయాను. చర్చి అంతా నిశ్శబ్దమైంది, చెవి హోరెత్తింది. అక్క అప్పుడే లేవబోతోంది. ముందు వరుసలో అవ్వ నన్నే చూస్తూ, ఒడిలో చేతిని రాయి తిప్పుతున్నట్టు మెల్లగా తిప్పుతోంది. విడిచిన మాట దొరికింది. పూర్తి చేశాను. నా తర్వాత అక్క ఎక్కడా తడబడకుండా చెప్పింది. అందరూ ఆమెనే మెచ్చుకున్నారు. నా కడుపుమంట చల్లారలేదు. కానీ నా కీర్తనను ఆమెకు వదిలిపెట్టలేదు.

ఇప్పుడు మేము నార్సింగిలో ఉంటున్నాం. మోత తీసెయ్యమని దేవుణ్ని ఇప్పటికీ అడుగుతాను. మోత ఎరుగని చెవులున్నవాళ్లను చూస్తే ఇప్పటికీ ఓర్వలేను. రాయదుర్గంలో ఉద్యోగం చేసే నా మనవరాలికి కూడా ఈ మధ్య చెవిలో మోత మొదలైంది. డాక్టరుకు చూపించాం, ప్రార్థిస్తున్నాం. మొన్న ఇంటి నుంచి పని చేస్తూ, విసుగ్గా లాప్‌టాప్ మూసి, ప్రార్థనలో కూర్చున్న నా వైపు తిరిగింది.

“నీకేంది నానమ్మా, కండ్లు మూస్తే చాలు, ఫుల్ సైలెంట్. నిన్ను చూస్తే జెలసీ అయితది.”

ఆ చూపు నాకు బాగా తెలుసు.

“నాకు గూడ మోగుతది బిడ్డా,” అన్నాను.

ఆమె నమ్మలేదు. అప్పుడు ఆమె కళ్లు నా ఒడి మీద పడ్డాయి. అక్కడ నా చెయ్యి, అవ్వ చెయ్యిలాగే, మెల్లగా తిరుగుతోంది.