గోడలున్న ఆట, గోడల్లేని ఆట

మా అన్నయ్య క్లెమ్ వోట్ కూర్చుని అన్నం తిన్న మనిషి కాదు. మాంసం ముక్క చేత్తో పట్టుకుని, కాలుగాలిన పిల్లిలా వంటింట్లో తిరుగుతూ తినేవాడు. దారిలో ఏది కనబడినా తన్నేవాడు.

సెయింట్ లూయిస్ దక్షిణం వైపు మా పేటలో ప్రతి చర్చికీ ఒక సాకర్ (ఫుట్‌బాల్) జట్టు ఉండేది. అక్కడ నేర్చిన ఆటే వాడికి జీవనమైంది. ఎండాకాలం బయట మైదానంలో, చలికాలం, చుట్టూ గోడలున్న ఐస్ హాకీ రింకు మీద పచ్చ తివాచీ పరిచి ఆడే లోపలి ఆటలో. బయట బంతి తన దగ్గరికొచ్చేదాకా వాడికి ప్రాణం నిలిచేది కాదు. లోపల అలా కాదు, బంతి గోడకి కొట్టుకుని వెంటనే తిరిగొస్తుంది. కాసేపు ప్రాణం పోయేలా పరిగెత్తడం, బెంచీకి రావడం, మళ్ళీ దూకడం. జనం పేరుపెట్టి అరిచేది కూడా అక్కడే.

ఒక ఏడు సరిగ్గా లోపలి ఆట సెమీఫైనల్ వారంలోనే జాతీయ జట్టు నుంచి ఫోనొచ్చింది. బయటి ఆట.

లోపలి జట్టు కోచ్ జ్లాట్కో మండిపడ్డాడు. "వెళ్తే నీ చోటు ఇంకొకడికిస్తా. గోడ లేకపోతే నువ్వు బంతిని పక్క రాష్ట్రానికి తంతావురా!"

"తన్ని, వెళ్ళి తెచ్చుకుంటాలే," అన్నాడు క్లెమ్.

వదిన నోరీన్ ఒకటే అంది. "వెళ్ళు. వెళ్ళకపోతే ఇంట్లో నిన్ను భరించలేను."

మ్యాచ్ అయ్యాక హోటల్ నుంచి మాకు ఫోన్ చేశాడు.

"ఆడావా?" అన్నాను.

"పరిగెత్తాను," అన్నాడు. ఆట సాగినంతసేపూ గీత పక్కన ఒళ్ళు వేడెక్కించుకుంటూ తిరిగాడట. వాళ్ళ కోచ్ ఇటు తల తిప్పనే లేదు.

తిరిగొచ్చేసరికి ఇక్కడ సెమీఫైనల్ ఓడిపోయారు. జ్లాట్కో అన్నంత పనీ చేశాడు. క్లెమ్ విచిటా పోయాడు, ఆ జట్టు మూతపడితే టల్సా, అదీ మూతపడితే దేశానికి ఆ చివరనున్న టకోమా. మొదట్లో నోరీన్ కూడా సామాను సర్దుకుని వెళ్ళేది. టకోమా పేరు వినగానే కుర్చీలో కూలబడి, "నేను కదలను," అంది. ఒక్కడే వెళ్ళాడు. ఆ చలికాలమే బంతి కోసం గోడకి గుద్దుకుని మడమ విరగ్గొట్టుకున్నాడు.

నోరీనే వెళ్ళి ఇంటికి తీసుకొచ్చింది.

"కుదురుగా కూర్చో."

"కూర్చునే ఉన్నాగా!"

"మరి కుర్చీ ఎందుకు కదుల్తోంది?"

వసంతంలో జ్లాట్కో ఒక పొట్లంతో, మాంసం కూరి వేయించే మా ఊరి రావియోలీతో, గుమ్మంలో నిలబడ్డాడు. "కుర్రాళ్ళకి నేర్పడానికి మనిషి కావాలి," అన్నాడు.

"నన్ను గెంటేసినవాడివి నువ్వేగా?"

"చెప్పి మరీ గెంటేశా. నువ్వు లేక ఓడిపోయా కూడా. మళ్ళీ ఆ ఫోనొస్తే ఏం చేస్తావు?"

"వెళ్తా," అన్నాడు క్లెమ్ క్షణం ఆలోచించకుండా.

జ్లాట్కో నవ్వలేదు. "రేపు పొద్దున్నే రా," అన్నాడు.

క్లెమ్ చేతికర్రతో చేరాడు. మొదటి మ్యాచ్‌లోనే బెంచీ వెనక నిలబడలేక, కర్ర ఊపుకుంటూ తివాచీ మీదికి దిగిపోయాడు. రిఫరీ బయటికి పొమ్మన్నాడు. జనం వాడి పేరు పెట్టి అరిచారు. నా పక్కన నోరీన్ రెండు చేతులతో మొహం కప్పుకుని, వేళ్ళ సందులోంచి చూస్తూనే ఉంది.