ఆరు గంటల బస్సుకు ఆగని పశువులు

పశువైద్యం చదువు ముగిసేలోపు ఒక ఏడాది దవాఖానలో ఉండి పనిచేయాలన్న నియమం మా రోజుల్లోనూ ఉండేది. నయా పైసలు కొత్తగా చేతికొచ్చిన కాలం అది. ఇప్పుడు అలాంటి ఏడాదికి పెట్టె సర్దుకుంటున్న పిల్లల కోసం నా ప్రయాణం ఒకటి రాస్తున్నాను. మాది మహబూబ్‌నగర్. నాయిన కచేరీలో గుమాస్తా కాబట్టి, గిన్నెలో పాలు తప్ప ఆవుతో నాకు పెద్ద పరిచయం లేదు. హాస్టల్లో తొమ్మిదింటికి లేచి, పదింటి గంట కొట్టేసరికి వెనక బెంచీ చేరేవాణ్ని. ఉద్యోగమూ అలాగే నడుస్తుందనుకున్నాను.

నన్ను నల్లగొండకు వేశారు. మొదటి వారమే కట్టంగూరు దగ్గరి ఒక పల్లెకు ముసర రోగం టీకాలు తీసుకుని తీరిగ్గా పదకొండింటికి చేరితే, ఊళ్లో ఒక్క పశువూ లేదు. సూదికి భయపడి దాచేశారనుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా విసవిసా తిరిగొచ్చాను. దారిలో ఐసు కరిగి మందు పాడైంది, పారబోయాల్సి వచ్చింది. రోగం అప్పటికే నకిరేకల్ అవతలి ఊళ్లలో ఎడ్లను పొట్టన పెట్టుకుంటోంది. “ఇంకోసారి ఇలా వస్తే నీ ఏడాది మళ్లీ మొదటి నుంచి చేయాలి” అన్నారు పెద్ద డాక్టరుగారు.

వారం తర్వాత, బుద్ధి తెలిశాక మొదటిసారి, నాలుగున్నరకు లేచాను. సోడా దుకాణంలో రంపపు పొట్టు కింద దాచిన ఐసు కొట్టించి ఫ్లాస్కులో నింపాను. దాని మూత వదులు. మధ్యాహ్నం రెండు దాటితే ఐసు నిలవదు. ఆరింటికి నార్కట్‌పల్లి బస్సెక్కాను, టిక్కెట్టు అర్ధ రూపాయి. ఫ్లాస్కును డ్రైవరు పక్కన పెట్టబోయాను.

“గండ్ల ఏమున్నది సార్?” అన్నాడాయన.

“టీకా మందు భాయ్. సల్లగుండాలె.”

“అయితే ఈడ పెట్టకు. ఇంజను కాడ గుడ్డు ఉడుకుతది. ఎనుక సీటు కిందికి నూకు.”

నార్కట్‌పల్లిలో సూర్యాపేట బస్సు మారి, ఎనిమిదిన్నరకు కట్టంగూరులో దిగాను. అక్కడి నుంచి ఆ పల్లెకు రెండు మైళ్లు నడక. ఎండ అప్పుడే చుర్రుమంటోంది. ఇంత పొద్దున్నే వచ్చానని నా భుజం నేనే తట్టుకుంటూ తొమ్మిది దాటాక ఊళ్లోకి అడుగుపెట్టాను. కొట్టాలన్నీ ఖాళీ. ఒక అవ్వ మాత్రం తన కొట్టంలో పేడ తీస్తోంది. ఫ్లాస్కు కింద పెట్టి ఆమె దగ్గరికి వెళ్లాను.

“పసులేవి అవ్వా?”

“గీ ఏళకు యాడుంటయి బిడ్డా? పొద్దు పొడవంగనే గుట్ట దిక్కు మేతకు పోయినయి. నీ బస్సు వచ్చేదాంక నిలవడ్తయా?”

“మొన్న వచ్చినప్పుడు చెప్పకపోతివి?”

“నువ్వు అడిగినవా? మొఖం మాడ్చుకొని సంచి పట్టుకొని పోతివి.”

సిగ్గుతో తల వంచుకున్నాను. ఇంకో ఏడాది వెనక్కి పోతే నాయినకు ఏం చెప్పాలో తెలియలేదు. అవ్వ చేతులు కడుక్కొచ్చి, “ఫికర్ చెయ్యకు. మా ముసలోడే మందను కాస్తడు. మిట్టపగటికి కుంట కాడికి తోల్కొస్తడు. నీళ్లు తాగి గంటసేపు ఆడనే నీడకు నిలవడ్తయి. గప్పుడు ఏస్కో నీ సూదులు” అంది. ఫ్లాస్కుకు తడి గోనెపట్టా చుట్టి నీళ్లకుండల పక్కన పెట్టింది. నా ముందు జొన్న గటక, మామిడికాయ తొక్కు పెట్టింది. అంత భయంలోనూ రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను.

పన్నెండింటికి ఇద్దరం కుంట దగ్గరికి నడిచాం. అవ్వ చెప్పినట్టే మంద వచ్చింది. ఆమె పెనిమిటి మల్లయ్య ఒక్కో పశువును పేరు పెట్టి పిలిచి కొమ్ములు పట్టుకుంటే, నేను సూది వేస్తూ పోయాను. “జర పైలం సారూ, గిది తంతది” అని ఆయన చెప్పేలోపే ఒక ఎర్రావు నా మోకాలు వాయగొట్టింది. ఒంటిగంటన్నరకు చివరి దూడకు కూడా వేసి ఫ్లాస్కు తెరిచి చూస్తే, అడుగున కుంకుడుకాయంత ఐసు మిగిలి ఉంది. బట్టలతోనే కుంటలోకి దిగి నడుంలోతు నీళ్లలో కూర్చున్నాను. గుండెల మీద బరువు దిగిపోయింది. మల్లయ్య నవ్వుతూ ఒడ్డున చుట్ట ముట్టించాడు.

చదువుకునే రోజుల్లో గంట మనకోసం కొట్టేవారు. పనిలో ఆ గంట ఎవరి చేతిలో ఉందో మనమే తెలుసుకోవాలి. నాకది మల్లయ్య చేతిలో ఉంది. ఎండలు ముదిరాక ముసర రోగం కట్టంగూరు దాకా వచ్చింది కానీ ఆ ఊళ్లో ఒక్క కొట్టమూ ఖాళీ కాలేదు. ఆ మాట అవ్వ నోట విన్న రోజు ఏడుపొచ్చింది. నా ఏడాది గట్టెక్కిన సంగతి ఆ తర్వాతే గుర్తొచ్చింది. వెళ్లేవాళ్లకు ఒక్క సలహా: బస్సు వేళలు రాసుకుంటే చాలదు, దిగగానే కనబడిన మొదటి మనిషిని మీ పని గురించి అడగండి. అడగకపోతే ఎవరూ చెప్పరు. అడిగితే గటక కూడా పెడతారు.